గెయిన్ నిండా తిప్పినా గొంతు మైనస్ 40 దాటడం లేదు: లోపం మైకులోనా, ఇంటర్‌ఫేస్‌లోనా?

పలుకుబడి (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పదో తరగతి పిల్లలు ఇంటి దగ్గర వినడానికి శతక పద్యాలు రాగంతో చదివి, భావం చెప్పి, వాట్సాప్‌లో పంపుతుంటాను. మా ఇల్లు డే అండ్ నైట్ కూడలికి దగ్గర. ఫోనులో రికార్డు చేస్తే పద్యం కంటే ఆటోల మోతే ముందు వినిపిస్తోంది. అందుకని ఈ మధ్య షూర్ ఎస్‌ఎం58 మైకు, దాన్ని లాప్‌టాప్‌కు కలిపే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఇంటర్‌ఫేస్ కొన్నాను. లాప్‌టాప్‌లో విండోస్, రికార్డింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నాయి.

సంకేతాన్ని పెంచే గెయిన్ మీటను చివరిదాకా తిప్పినా ఆడాసిటీ మీటరులో నా గొంతు మైనస్ 40 డెసిబెళ్ల దగ్గరే (సున్నా అంటే నిండు స్థాయి) ఆగిపోతోంది. పద్యం ఎత్తుకున్నప్పుడు కూడా అంతే. తరువాత ఆంప్లిఫై చేస్తే గొంతుతో పాటు ఫ్యాను హోరు, సన్నని గుయ్యిమనే శబ్దం కూడా లేచి వస్తున్నాయి. ఇన్‌స్ట్ అని ఉన్న బటన్ నొక్కితే స్థాయి కొంచెం పెరిగింది, గుయ్యిమనేది మాత్రం ఇంకా ఎక్కువైంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఏది మార్చాలో చెప్పగలరా?

టెక్కలి_తరంగం (టెక్కలి)

టీచర్ గారూ, మీ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకులన్నింటికీ ఈ బాధ ఉన్నదే. మైకుకు, ఇంటర్‌ఫేస్‌కు మధ్య పెట్టే బూస్టర్లు దొరుకుతాయి. క్లౌడ్‌లిఫ్టర్ 25 డెసిబెళ్లు, ఫెట్‌హెడ్ 27 డెసిబెళ్లు పెంచుతాయి. ఒకటి తెప్పించుకోండి, మీ మైనస్ 40 కాస్తా మైనస్ 15 అవుతుంది. నేను పాటల కవర్లకు అదే వాడుతున్నాను.

గంటస్తంభం (విజయనగరం)

టీచర్ గారూ, దయచేసి ఇంకా ఏమీ కొనకండి. నేను పెళ్లిళ్లకు, హరికథలకు మైకు సెట్లు కట్టినవాణ్ణి. ఇప్పుడు కోట దగ్గర చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. ఎస్‌ఎం58ను ఆ ఇంటర్‌ఫేస్‌కు నేరుగా తగిలించి మాట్లాడితే మైనస్ 40 రావడం జరగని పని. మధ్యలో ఎక్కడో పోతోంది. ఎక్కడ పోతోందో తెలియకుండా డబ్బు పెడితే ఆ డబ్బు కూడా పోతుంది.

నాలుగు సంగతులు చెప్పండి. మైకు తీగ రెండో కొనకు, అంటే ఇంటర్‌ఫేస్‌లో పెట్టే వైపు, ఏ పిన్ను ఉంది? మైకు నోటికి ఎంత దూరంలో ఉంటుంది? ఆడాసిటీలో మోనో పెట్టారా, స్టీరియోనా? నాలుగోది చిన్న పరీక్ష: రికార్డింగ్ నడుస్తుండగా మైకు జాలీని గోటితో మెల్లగా గీరండి, తరువాత లాప్‌టాప్ తెర పక్కన ఉండే సన్నని రంధ్రం దగ్గర గీరండి. ఏది గీరినప్పుడు మీటరు ఎగిరిందో చెప్పండి.

నేపథ్యం (ఆమదాలవలస)

గీరి చూడమన్నది చాలా అవసరమైన సలహా. నేను ఆడియో పుస్తకాలు చదువుతాను. లాప్‌టాప్ సొంత మైకుతోనే రికార్డు చేస్తూ, ఖరీదైన మైకు పనిచేయడం లేదని బాధపడేవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. విండోస్ ఏదైనా అప్‌డేట్ తరువాత తనకు నచ్చిన మైకునే ఎంచుకుంటుంది. సౌండ్ సెట్టింగులలో ఇన్‌పుట్‌గా ఫోకస్‌రైట్ ఉందా, దాని స్థాయి 100లో ఉందా, అది కూడా చూడండి.

పలుకుబడి

వెంటనే స్పందించినందుకు అందరికీ ధన్యవాదాలు. మైకును గీరినప్పుడే మీటరు కదిలింది, లాప్‌టాప్‌ను గీరినప్పుడు కదలలేదు. విండోస్‌లో ఫోకస్‌రైటే ఉంది, స్థాయి 100. ఆడాసిటీలో మోనో పెట్టాను, ఒక్క మైకే కదా అని. మైకు చిన్న స్టాండు మీద, పుస్తకం పక్కన ఉంటుంది. నోటికి రెండు జానల దూరం ఉండవచ్చు.

తీగ మైకుతో రాలేదు. ఇక్కడే ఒక మైకు సెట్ల దుకాణంలో తీసుకున్నాను. మైకు వైపు మూడు రంధ్రాల గుండ్రని పిన్ను, రెండో వైపు ఒకటే పొడుగాటి లావు పిన్ను, కొన దగ్గర ఒక నల్లటి గీత ఉంది. ఇంటర్‌ఫేస్ రంధ్రం మధ్యలో అది చక్కగా పట్టింది.

గంటస్తంభం

మొదటి గండి దొరికింది. మీరు చెప్పిన లావు పిన్ను 6.35 మిల్లీమీటర్ల జాక్. మన ఊళ్లలో మైకు సెట్ల దుకాణాల్లో మైకు తీగ అడిగితే ఇదే ఇస్తారు. ఎందుకంటే పందిళ్లలో వాడే ఆంప్లిఫయర్లకు చాలావాటికి మైకు రంధ్రమే ఆ జాక్‌ది. ఆంప్లిఫయర్‌కు అది సరైన తీగే. ఇంటర్‌ఫేస్‌కు కాదు.

మీ 2ఐ2 ముందున్న రంధ్రంలో రెండు రకాల పిన్నులూ పడతాయి. చుట్టూ మూడు పిన్నుల కెనాన్ పెడితే, అదే ఎక్స్‌ఎల్‌ఆర్, లోపల మైకు సంకేతాన్ని పెంచే ప్రీఆంప్‌కు వెళుతుంది. మధ్యలో జాక్ పెడితే అది సంగీతం వాయించే కీబోర్డో మిక్సరో అనుకుని, గట్టి సంకేతాల కోసం ఉన్న లైన్ దారిలో పంపిస్తుంది. కీబోర్డు నుంచి వచ్చేది దాదాపు వోల్టు, మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యోవంతు. ఆ దారిలో ఇంత చిన్న సంకేతానికి తగిన ఆదరణ ఉండదు.

మీరు రాసిన ఇన్‌స్ట్ బటన్ మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది. ఆ బటన్ జాక్ కోసమే, లైన్ కాక గిటారు తగిలించామని చెప్పడానికి. మైకు కెనాన్ మీద ఉంటే దాన్ని నొక్కినా స్థాయి మారదు. మీకు మారిందంటే మైకు జాక్ దారిలో ఉందన్నమాట.

రెండు వైపులా కెనాన్ ఉన్న తీగ, ఒక కొన ఆడది, ఒక కొన మగది, తీసుకోండి. మూడు మీటర్లది చాలు. దుకాణంలో "కెనాన్ టు కెనాన్" అని అడగండి. కుదిరితే అక్కడే రెండు కొనలూ చూసుకుని తీసుకోండి.

టెక్కలి_తరంగం

తీగ మార్చడం మంచిదే, కాదనను. కానీ బూస్టర్ ఉంటే ఏ తీగైనా సరే 25 పెరిగేది కదా?

వోల్టు (చీపురుపల్లి)

తమ్ముడూ, ఆ తీగతో బూస్టర్ అసలు మేలుకోదు. క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ రెండూ ఇంటర్‌ఫేస్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీద నడుస్తాయి. ఆ 48 వోల్టులు కెనాన్ పిన్నుల మీద మాత్రమే వస్తాయి, జాక్ మీద రావు. టీచర్ గారు బూస్టర్ తెప్పించి ఇదే తీగతో తగిలించి ఉంటే శబ్దం పెరగకపోగా మొత్తానికే ఆగిపోయేది. అప్పుడు బూస్టర్‌ది కూడా లోపమే అనుకుని దాన్ని వెనక్కి పంపేవారు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. తీగ మార్చిన తరువాత వచ్చే అంకె ఎంతో చూడండి మేడమ్. నా లెక్క ప్రకారం 13 డెసిబెళ్లు పెరగాలి. ఎందుకో అంకె వచ్చాక రాస్తాను.

పలుకుబడి

కెనాన్ టు కెనాన్ తీగ దొరికింది. పెట్టగానే గుయ్యిమనేది పూర్తిగా పోయింది! మీటరు ఇప్పుడు మైనస్ 27 వరకు వస్తోంది. చాలా మెరుగు. కానీ ఇంకా తక్కువే కదా? గెయిన్ ఇప్పటికీ చివరిలోనే ఉంది. వోల్టు మాస్టారూ, మీరన్న 13 అక్షరాలా పెరిగింది. ఎలా చెప్పగలిగారు?

వోల్టు

ఆ ఇంటర్‌ఫేస్ వివరాల పత్రంలోనే ఉంది మేడమ్. గెయిన్ కనిష్ఠంలో ఉన్నప్పుడు మైకు ఇన్‌పుట్ 9 డీబీయూ వరకు తీసుకోగలదు (డీబీయూ, డీబీవీ అనేవి సంకేతపు వోల్టేజిని డెసిబెళ్లలో చెప్పే కొలతలు). లైన్ ఇన్‌పుట్ 22 డీబీయూ వరకు తీసుకోగలదు. రెండింటికీ గెయిన్ పరిధి ఒకటే, 56 డెసిబెళ్లు. కాబట్టి ఒకే సంకేతం లైన్ దారిలో 13 డెసిబెళ్లు తక్కువగా కనిపిస్తుంది. వేరే ఇంటర్‌ఫేస్ అయితే ఈ తేడా వేరేగా ఉంటుంది. గుయ్యిమనడం పోవడానికి కారణం మరొకటి. కెనాన్ తీగలో సంకేతం రెండు తంతువుల మీద ఒకదానికొకటి ఎదురుగా నడుస్తుంది. దారిలో అంటుకున్న కరెంటు రొద రెండింటి మీదా ఒకేలా పడుతుంది, ఇంటర్‌ఫేస్ రెండింటి తేడానే తీసుకుంటుంది గనుక రొద కొట్టుకుపోతుంది. మీ పాత జాక్ తీగలో ఈ ఏర్పాటు లేదు.

ఇప్పుడు అసలు లెక్క. ఎస్‌ఎం58 మీద 94 డెసిబెళ్ల ధ్వని పడితే అది 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. మైనస్ 54.5 డీబీవీ అని రాస్తారు, డీబీయూలోకి మార్చితే మైనస్ 52.3. మీ ఇంటర్‌ఫేస్ గెయిన్ నిండా తిప్పితే 9లోంచి 56 తీసేస్తే మైనస్ 47 డీబీయూ. అంటే ఆ మాత్రం సంకేతం వస్తే మీటరు సున్నాను తాకుతుంది. 94 డెసిబెళ్ల గొంతుకు మీటరు మైనస్ 5 చూపించాలి. బెత్తెడు దూరంలో మామూలుగా మాట్లాడే మనిషి గొంతు శిఖరాలు 90 ప్రాంతంలో ఉంటాయనుకుంటే మైనస్ 9 రావాలి.

మీకు వస్తున్నది మైనస్ 27. అంటే ఇంకా 18 డెసిబెళ్లు ఎక్కడో కారిపోతున్నాయి. కాలువ చివరి పొలానికి నీరు అందలేదంటే గండి ఒక్కచోటే పడి ఉండనక్కర లేదు. మీరు మొదట రాసిన వివరాల్లోనే మిగతా రెండూ ఉన్నాయి. దూరం 40 సెంటీమీటర్లు, ఆడాసిటీలో మోనో.

దూరం సగమైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. 40 నుంచి 20కి ఒక 6, 20 నుంచి 10కి ఇంకో 6. మొత్తం 12. మిగిలిన 6 మోనో సంగతి. అది నేపథ్యం గారు చెబితే బాగుంటుంది, ఆడాసిటీ ఆవిడకు బాగా అలవాటు.

నేపథ్యం

మాస్టారి లెక్క చూసి ముచ్చటేసింది. అవును, ఆ 6 ఇక్కడ పోతోంది. 2ఐ2కు రెండు ఇన్‌పుట్లు. విండోస్ దాన్ని ఎడమ, కుడి ఉన్న ఒక స్టీరియో పరికరంగా చూస్తుంది. మీ మైకు మొదటి ఇన్‌పుట్‌లో, అంటే ఎడమ వైపు ఉంది. కుడి వైపు నిశ్శబ్దం. ఆడాసిటీలో మోనో రికార్డింగ్ పెడితే అది రెండు వైపులనూ కలిపి సగటు తీస్తుంది. గొంతుకు, నిశ్శబ్దానికి సగటు తీస్తే సగం గొంతు. సగం అంటే దాదాపు 6 డెసిబెళ్లు.

దీనిలో ఇంకో ప్రమాదం ఉంది, స్థాయి తక్కువ కావడం కంటే అదే పెద్దది. ఇంటర్‌ఫేస్‌లో గొంతు సున్నాను దాటి పగిలినా ఆడాసిటీ మీటరు మైనస్ 6 దగ్గరే ఉంటుంది. మీటరు పచ్చగా ఉంది కదా అని నమ్మి అధ్యాయం మొత్తం చదివాక వింటే బరబరమంటుంది. కాబట్టి స్టీరియోలో రికార్డు చేసి, ట్రాక్ పేరు పక్కన ఉండే మెనూలో స్టీరియోను రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, కుడిది తీసేయండి. రెండు క్షణాల పని.

దూరం విషయంలో ఒక మాట జోడిస్తాను, ఎందుకంటే మీ ఫ్యాను సమస్యకు అసలు మందు అదే. మైకును 40 నుంచి 10 సెంటీమీటర్లకు తెస్తే గొంతు 12 డెసిబెళ్లు పెరుగుతుంది. ఫ్యాను మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, దాని శబ్దం పెరగదు. గొంతుకు, ఫ్యానుకు మధ్య ఎడం 12 డెసిబెళ్లు పెరిగినట్టే. బూస్టర్‌తోగాని, ఆడాసిటీలో ఆంప్లిఫైతోగాని గొంతు, ఫ్యాను కలిసే లేస్తాయి, ఎడం అలాగే ఉంటుంది. శ్రీకాకుళం ఎండల్లో ఫ్యాను ఆపి చదవమని నేను ఎవరికీ చెప్పను. దగ్గరికి జరగమని చెబుతాను.

టెక్కలి_తరంగం

ఇది నాకు ఇప్పుడు బాగా అర్థమైంది. అయితే బూస్టర్ ఎవరికి అవసరం?

వోల్టు

షూర్ ఎస్‌ఎం7బీ లాంటి మైకు వాడేవారికి. అది అదే 94 డెసిబెళ్లకు 1.12 మిల్లీవోల్టులే ఇస్తుంది, మైనస్ 59 డీబీవీ. ఎస్‌ఎం58 కంటే నాలుగున్నర డెసిబెళ్లు తక్కువ. మెల్లగా మాట్లాడేవాళ్లు ఆ మైకుతో, 50, 55 డెసిబెళ్ల గెయిన్ మాత్రమే ఉన్న ఇంటర్‌ఫేస్‌తో పనిచేస్తుంటే బూస్టర్ వాళ్లకు నిజంగా మేలు చేస్తుంది. నాలుగో తరం 2ఐ2లో గెయిన్ 69 డెసిబెళ్లకు పెంచారు, దానితో ఆ అవసరం కూడా చాలావరకు తీరింది. నువ్వు ఏ మైకు వాడుతున్నావు?

టెక్కలి_తరంగం

ఎస్‌ఎం7బీయే మాస్టారూ.

వోల్టు

అయితే నీ బూస్టర్ నీ దగ్గర సరైన చోటే ఉంది.

పలుకుబడి

పిల్లలు సంబరపడతారు! మైకును పుస్తకం పక్క నుంచి తెచ్చి నోటికి బెత్తెడు కంటే కొంచెం ఎడంగా పెట్టాను. స్టీరియోలో తీసి విడగొట్టాను. భావం చెప్పేటప్పుడు మైనస్ 10, మైనస్ 9 వస్తోంది. పద్యం పై స్థాయికి వెళ్లినప్పుడు మైనస్ 3 దాకా పోయింది, ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ మీట చుట్టూ వెలిగే వలయం నారింజ రంగుకు వచ్చింది. ఇన్నాళ్లూ ఆ రంగు చూడనే లేదు.

రెండు కొత్త ఇబ్బందులు. ఒకటి, భ, ఫ, ఘ వచ్చిన చోటల్లా గుప్పుమని గాలి కొడుతోంది. పద్యాల్లో ఒత్తక్షరాలు వదిలి చదవలేను, పిల్లలకు ఉచ్చారణ నేర్పడమే నా పని. రెండు, గొంతు కొంచెం బొంగురుగా, లావుగా వినిపిస్తోంది.

గంటస్తంభం

ఒత్తక్షరాలు వదలకండి. మైకును జరపండి. నోటికి ఎదురుగా కాకుండా పెదవి అంచు దగ్గర, కొంచెం పక్కగా, మైకు తల మాత్రం నోటి వైపే చూసేలా ఉంచండి. "భ" పలికినప్పుడు నోట్లోంచి గాలి సూటిగా ముందుకు పోతుంది. అరచెయ్యి పెట్టి చూసుకుంటే ఆ గాలి ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. గాలి తగిలే గీత మీద మైకు ఉండకూడదు. శబ్దం అన్ని వైపులకూ వస్తుంది గనుక పక్కన పెట్టినా గొంతు తగ్గదు. జాలీ మీద నురుగు తొడుగు వేసుకుంటే ఇంకా మంచిది.

గొంతు లావు కావడం దగ్గరికి రావడం వల్ల. ఒక వైపు నుంచే వినే మైకుల్లో చాలావాటికి దగ్గరలో మంద్ర శబ్దాలు పెరుగుతాయి. ఆడాసిటీలో మంద్ర శబ్దాలను తగ్గించే హైపాస్ ఫిల్టర్ 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి చూడండి. దానితో రోడ్డు మీద లారీల గుడుగుడు కూడా కొంత పోతుంది.

గెయిన్ సంగతి. మా ఊళ్లో మహారాజా సంగీత కళాశాల ఉంది, 1919లో పెట్టినది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. గాత్రం నేర్చుకునే పిల్లలు పోటీలకు పంపే రికార్డింగుల కోసం నా గదికి వస్తుంటారు. అందరూ పల్లవి పాడి "స్థాయి సరిపోయిందా" అని అడుగుతారు. నేను పల్లవి వినను. మీ పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే సంగతి పాడండి అంటాను. గెయిన్ దానికే పెట్టాలి. మీరు కూడా భావం చెబుతూ కాదు, పద్యంలో ఎత్తైన చోటు పాడుతూ గెయిన్ సరిచేయండి. అక్కడ మైనస్ 6 దాటకుండా ఉంటే మిగతాదంతా దానంతట అదే కుదురుకుంటుంది.

ఏకాండి (బొబ్బిలి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నా బాధ కూడా ఇదే. నేను వీణ వాయిస్తాను. గొల్లపల్లిలో చేసిన, ఒకే పనస మొద్దులోంచి తొలిచిన వీణ. ఆడియో టెక్నికా ఏటీ2020 కండెన్సర్ మైకు, 48 వోల్టులు వేశాను, తీగ రెండు వైపులా కెనానే. అయినా వీణ ఎక్కడో పక్క గదిలో మోగుతున్నట్టు, చిన్నగా, మబ్బుగా వస్తోంది. కండెన్సర్లకు ఈ సమస్య ఉండదని అంటుంటారు కదా?

వోల్టు

ఉండకూడదు. ఏటీ2020 అదే 94 డెసిబెళ్లకు 14.1 మిల్లీవోల్టులు ఇస్తుంది, మైనస్ 37 డీబీవీ. ఎస్‌ఎం58 కంటే పదిహేడు డెసిబెళ్లకు పైగా ఎక్కువ. మైకు ఎలా నిలబెట్టారు?

ఏకాండి

స్టాండుకు అడ్డంగా బిగించి, మైకు కొనను కుండ వైపు చూపించాను. కచేరీల్లో గాయకుల మైకు పెట్టినట్టే.

గంటస్తంభం

అదే కారణం. ఎస్‌ఎం58 కొన నుంచి వింటుంది. ఏటీ2020 పక్క నుంచి వింటుంది. దాని ఒంటి మీద కంపెనీ గుర్తు ఉన్న వైపు ముఖం, వెనక వైపు వీపు. మీరు దాని నడినెత్తిని వీణకు చూపిస్తున్నారు. అందుకే స్థాయి తగ్గింది, పై స్వరాల మెరుపూ పోయింది. మైకును నిలువుగా నిలబెట్టి గుర్తు ఉన్న ముఖాన్ని వీణకు తిప్పండి.

ఇక వీణకు మైకు ఎక్కడ పెట్టాలన్నది నాకు ఇష్టమైన విషయం, కొంచెం వివరంగా రాస్తాను. తంత్రులు ఆనే గుర్రం నుంచి జానెడున్నర, రెండు జానల దూరంలో, కుండ పైపలకకు కొద్దిగా పైనుంచి కిందికి చూసేలా మొదలుపెట్టండి. నేరుగా గుర్రానికి గురిపెడితే తంత్రుల గరుకు ఎక్కువగా వస్తుంది. మెట్ల చివరి వైపుకు కొంచెం తిప్పితే గమకాలు తేటగా వస్తాయి. టీచర్ గారికి దగ్గరికి జరగమన్నాం, మీకు చెప్పను. వీణలో నాదం ఒక్క చోటి నుంచి రాదు, పైపలక అంతా పలుకుతుంది. బెత్తెడు దూరంలో పెడితే మీటు చప్పుడు, వేలు తంత్రి మీద జారే గీత, ఇవే ముందుకొస్తాయి. నాలుగు వాయింపు తంత్రులు, మూడు తాళపు తంత్రులు కలిసి ఒక్క వాద్యంగా వినిపించడానికి కొంత ఎడం కావాలి.

ఎడం ఉంటే గది శబ్దం వస్తుంది, అది తప్పదు. కాబట్టి మీరు మాత్రం ఫ్యాను ఆపాలి. తెల్లవారుజామున చేయండి. కింద దుప్పటి, ఎదుటి గోడకు మందపాటి బొంత వేలాడదీయండి.

కళింగతీరం (కళింగపట్నం)

కండెన్సర్ వాడే తీరప్రాంతం వాళ్లకు ఒక సూచన. సముద్రం దగ్గర తేమకు మైకు లోపలి పల్చటి పొర మీద చెమ్మ చేరితే చిటపటలు వస్తాయి, స్థాయి కూడా పడిపోతుంది. వానాకాలంలో మైకును స్టాండు మీద వదిలేయకుండా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. చెమ్మ పట్టిందని ఎండలో పెట్టకండి, పొడి డబ్బాలోనే ఉంచితే తేరుకుంటుంది. డైనమిక్ మైకులకు ఈ బెడద తక్కువ.

ఏకాండి

ముఖం తిప్పగానే వీణ ముందుకు వచ్చి కూర్చుంది! గెయిన్ సగం దాటి కొంచెం పైన పెడితే శిఖరాలు మైనస్ 12 దగ్గర ఉన్నాయి. ఇంకా పెంచాలా? పూర్తయిన పాటలతో పోలిస్తే చిన్నగానే ఉంది.

నేపథ్యం

పెంచకండి, అది చక్కని స్థాయి. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు అతి చిన్న శబ్దానికి, అతి పెద్ద శబ్దానికి మధ్య సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్ల చోటు ఉంటుంది, 16 బిట్లలో 96. మైనస్ 12 దగ్గర ఆగితే పోయేది ఏమీ లేదు, ఒక్క గట్టి మీటుకు పగిలితే మాత్రం మళ్లీ అతికించలేం. మీరు పోల్చుతున్న పాటలు రికార్డు చేసినవి మాత్రమే కావు, తరువాత కంప్రెసర్, లిమిటర్ వేసి చదును చేసి పైకి లేపినవి. రికార్డు చేసే స్థాయి వేరు, విడుదల చేసే స్థాయి వేరు.

యూట్యూబ్‌లో పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. అది మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే సగటు గట్టితనపు కొలత) కంటే గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, చిన్నగా ఉన్నవాటిని మాత్రం పెంచదు. వీణను అంత లేపాలని చూస్తే నాదం నలిగిపోతుంది, కొంచెం తక్కువగానే వదిలేయండి. ఆడియో పుస్తకాలకైతే, ఆడిబుల్‌కు పుస్తకాలు చేరవేసే ఏసీఎక్స్ వారి కొలత ఉంది: సగటు మైనస్ 23కు, మైనస్ 18కి మధ్య, శిఖరాలు మైనస్ 3 దాటకూడదు, నిశ్శబ్దంలో గది రొద మైనస్ 60 కంటే కింద ఉండాలి. టీచర్ గారి పాఠాలకు కూడా నేను ఇదే కొలత సూచిస్తాను. ఫోను స్పీకరులో పిల్లలకు హాయిగా వినిపిస్తుంది.

పలుకుబడి

ఆ కొలతతోనే చేశాను. గెయిన్ కొంచెం తగ్గించి, పద్యంలో ఎత్తైన చోటు పాడుతూ మైనస్ 6కు సరిచేశాను. మైకును పెదవి అంచుకు జరిపాక "భ" దగ్గర గాలి రావడం లేదు. ఫ్యాను రెండో నంబరులోనే తిరుగుతోంది, పాఠం మధ్యలో వెతికి వింటే తప్ప తెలియడం లేదు. పిల్లల్లో ఒకరు "ఈసారి హెడ్‌ఫోన్ లేకుండానే వినిపించింది టీచర్" అని పంపారు.

ఒక్క సందేహం మిగిలింది. లాప్‌టాప్ చార్జరు పెట్టినప్పుడు హెడ్‌ఫోన్‌లో సన్నగా కీచుమంటోంది. చార్జరు తీస్తే లేదు.

వోల్టు

చార్జరు నుంచి యూఎస్‌బీ ద్వారా వస్తున్న రొద అది. ముందు ఇంటర్‌ఫేస్‌ను హబ్‌లో కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే పెట్టారో లేదో చూడండి. ఇంటి ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. మన పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గాని వెనక తీగ ఉండదు, అది మీ ప్రాణానికి కూడా అవసరం. అంతవరకు బ్యాటరీ మీద రికార్డు చేయండి. మూడో పిన్ను విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

పలుకుబడి

హబ్‌లోనే ఉంది మాస్టారూ. నేరుగా పెట్టాక చాలావరకు తగ్గింది. ఎలక్ట్రీషియన్‌ను ఆదివారం రమ్మన్నాను.